చిటపటలు లేని ఫైలు

నీటి మైకును మంచినీళ్ళ బక్కెట్లో ముంచి తీసి, దాని తీగను పాత లుంగీ గుడ్డతో పై నుంచి కింది దాకా తుడుస్తున్నాను. గుంటలోని ఉప్పు తీగ మీద తెల్లగా పేరుకుంటుంది. ఒక్క పూట వదిలేస్తే మర్నాటికి చేతికి గరుకుగా తగులుతుంది. రోజుకు మూడుసార్లు, రొయ్యలకు మేత వేసిన ప్రతిసారీ, ఆ మైకును, ఎంత తిన్నాయో చూడడానికి మేత పెట్టి ముంచే చెక్ ట్రే పక్కన నీళ్ళలోకి దించాలి. పది నిమిషాలు ఫోన్లో రికార్డు చేయాలి. తీసి కడగాలి. ఆ ఫైలును నెల్లూరులో ల్యాబు సారుకు పంపాలి. ఇది నా పని.

"అయిందా ల్యాదా?" గట్టు మీద నుంచి మా అన్న పెంచలకృష్ణ కేక వేశాడు. "తలంటు పోసినావు గదా, సాంబ్రాణి కూడా ఎయ్యి మే. రొయ్యలు ఏం మాట్లాడుకుంటా ఉండాయో ఇంటా కూర్చో."

"మాట్లాడుకోవడంల్యా. నిన్ను చూసి నవ్వుకుంటా ఉండాయి," అన్నాడు నాయన, మేత బక్కెట్టును బోర్లించి అడుగున తడుతూ.

అది ఆదివారం. ఆ వారంలో నాయన నవ్వించింది ఆ ఒక్కసారే.

మా నాయన హజరత్తయ్యది అల్లూరు నుంచి సముద్రం వైపు వచ్చే దారిలో రెండెకరాల గుంట. అంతకు ముందు రెండు పంటలూ చేతికి రాలేదు. ఒకటి వానకు కొట్టుకుపోయింది, ఇంకొకటి జబ్బుకు పోయింది. ఈ మూడోది అరవై ఎనిమిదో రోజుకు వచ్చింది. ఇంకో నెల నిలబడితే మంచి సైజు వస్తుంది. "ఈ పంట కూడా పోతే గుంట వదిలేస్తా మస్తానా. ఎవురిదైనా గుంట మీద కాపలాకి పోతా," అని నాయన అమ్మతో అనడం నేను విన్నాను. ఆ మాటను ఆయన గట్టిగా అనలేదు. అందుకే నాకు భయం వేసింది.

పైగా శుక్రవారం మాకు పైనున్న వాళ్ళ గుంటలో వైరస్ పడింది. పొద్దున బాగా ఉన్న రొయ్యలు సాయంత్రానికి గట్టు వారకు వచ్చి పక్కకు వాలిపోయాయి. ఆ గుంటకూ, మాకూ, మా కింద ఉన్న చెంచయ్య మామ గుంటకూ ఒకటే కాలువ. అప్పటి నుంచి నాయన రోజూ ముందు నీళ్ళను చూసి తర్వాతే ముఖం కడుక్కునేవాడు.

నీటి మైకును ల్యాబు సారు విజయభాస్కర్ పరీక్షగా పది పన్నెండు గుంటలకు ఇచ్చాడు. రొయ్యలు మేత తింటుంటే నీళ్ళలో చప్పుడవుతుందట. ఆ చప్పుడును వాళ్ళ కంప్యూటరు లెక్కపెట్టి, ఎంత తింటున్నాయో చెబుతుందట. ఆయన వచ్చి మైకు బిగించిన రోజు నేను అల్లూరులో డిగ్రీ పరీక్ష రాస్తున్నాను. అన్నకు చూపించి వెళ్ళాడు. అన్న నాకు చెప్పింది ఒక్కటే: "పది నిమిషాలు పట్టు, పంపు. మిగిలింది వాళ్ళ కంప్యూటరే చూసుకుంటాది." ఆ చప్పుడు ఎలా ఉంటుందని నేను అడగలేదు. నేను ఎవరినీ ఎక్కువగా ఏమీ అడగను. చూసి నేర్చుకుంటాను.

రికార్డు మొదలవగానే ఫోన్ దగ్గర నోరు పెట్టి "పొద్దున ఆరున్నర, ఉత్తరం ట్రే" అని చెప్పేదాన్ని. ఆ తర్వాత నీళ్ళను చిలికే ఏరేటర్ల హోరు. దాని మీద ఒకటే చిటపట, పెనం మీద నీటి చుక్కలు పడినట్టు. తీగ నాసిరకందేమో, ఎక్కడో కలిసీ కలవక అలా వస్తోందనుకునేదాన్ని.

కష్టం పంపడంలో వచ్చింది. పది నిమిషాల ఫైలు యాభై ఎనిమిది ఎంబీలు. మా ఊళ్ళో సిగ్నల్ నీళ్ళ ట్యాంకు మెట్ల మీద తప్ప నిలవదు. అక్కడా అరగంట పట్టేది. ముప్పాతిక దాకా వెళ్ళి ఆగిపోయేది, మళ్ళీ మొదటి నుంచి. రోజుకు మూడుసార్లు ట్యాంకు మెట్ల మీద ఎండలో కూర్చుంటే, నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు "ఎవురికి మే అంత పొద్దాకా పంపతా ఉండావు?" అని నవ్వేవాళ్ళు.

అందుకని అన్న డిప్లొమాలో కొన్న పాత ల్యాపుటాపు తీశాను. శబ్దం ఫైళ్ళను చిన్నవి చేసే పద్ధతి ఎవరో కుర్రవాడు వీడియోలో చెప్పాడు. నొక్కడానికి బొమ్మలూ మీటలూ ఏమీ ఉండవు. నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. అందులో మాటలు టైపు చేస్తే అది చేసి పెడుతుంది. ఒక ఖాళీ తప్పితే కుదరదు. చిన్న గీత ఒకటి మరిచిపోతే అలాంటి ఫైలే లేదంటుంది. శనివారం సాయంత్రమంతా అది నన్ను కాదంటూనే ఉంది. ఆదివారం నోటుపుస్తకంలో ఒక్కొక్క అక్షరం రాసుకుని, చూసి కొట్టాను.

ffmpeg -i udayam.wav -ar 8000 -ac 1 chinna.wav

నాలుగైదు గీతలు గబగబా పైకి పాకాయి. యాభై ఎనిమిది ఎంబీల ఫైలు పదికి లోపల వచ్చింది. మాటల రికార్డులకు ఎనిమిది వేలు చాలు, గొంతు స్పష్టంగా ఉంటుంది అని ఆ కుర్రవాడు చెప్పాడు. నిజమే. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. నా గొంతు స్పష్టంగా ఉంది. ఏరేటర్ల హోరు ఉంది. ఆ చిటపట లేదు. పాడు తీగ చప్పుడంతా పోయి ఫైలు శుభ్రమైందని నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఊరి బడిలో చదివిన నేను, ఎవరూ చెప్పకుండా, ఒక పని నేర్చుకున్నాను.

సోమవారం నుంచి అలాగే పంపాను. అయిదారు నిమిషాల్లో వెళ్ళిపోయేది. ఫోన్లోనూ ల్యాపుటాపులోనూ చోటు లేదని, చిన్న ఫైలు తయారవగానే పెద్దదాన్ని చెరిపేసేదాన్ని.

మంగళవారం అమావాస్య. ఆ పొద్దున చెక్ ట్రే పైకి తీస్తే వేసిన మేత సగం అలాగే ఉంది. నాయన గట్టు మీద గొంతుక్కూర్చుని, మేత పలుకులను వేలితో పక్కకు నెట్టి చూశాడు. అద్దపు ముక్కల్లా నాలుగైదు పెంకులు కనిపించాయి.

"పెంకు వదలతా ఉండాయి," అన్నాడు. "అమావాస్యకి అంతే. రెండు రోజులు తక్కువ తింటాయి. మేత తగ్గిద్దాం."

బుధవారం మధ్యాహ్నం విజయభాస్కర్ సారు అన్న ఫోన్‌కు చేశాడు. మాట తెగుతుంటే ట్యాంకు మెట్ల దగ్గరికి అందరం వెళ్ళాం. అన్న ఫోన్‌ను చేతిలో పైకెత్తి పట్టుకుని స్పీకరు పెట్టాడు.

"హజరత్తయ్యా, మీ గుంట గురించి నాకు భయంగా ఉంది. సోమవారం పొద్దున్నుంచి అవి తినడం లేదు."

"ట్రేలో పెంకులుండాయి సార్. అమావాస్య గదా, తగ్గుతాది."

"తగ్గడం వేరు. ట్రేలో మేత తగ్గినా, అది నీళ్ళకి కరిగి ఉండొచ్చు. ఇది సున్నా. ఆదివారం దాకా బ్రహ్మాండంగా తిన్నాయి. సోమవారం నుంచి ఏ పూటా ఒక్క చప్పుడు లేదు. పై గుంటలో వైరస్ వచ్చిందని మీరే చెప్పారు. రొయ్యలు పంపితే పరీక్ష చేస్తాం, కానీ రిపోర్టుకి రెండు రోజులు. అంతదాకా అది ఆగుతుందా?"

నాయన నా వైపు తిరిగాడు.

"పాపా, ఫైలు సరిగ్గా పోతా ఉండాదా?"

"బాగా పోతా ఉంది నాయనా," అన్నాను. "ముందుకన్నా శుభ్రంగా."

ఆయన తల ఊపాడు. నలభై ఏళ్ళుగా నీళ్ళలో పెట్టిన చెయ్యిని పక్కన పెట్టి, నా మాటను తీసుకున్నాడు.

జబ్బు ముదిరేలోపు ఉన్న రొయ్యలను పట్టి అమ్మేయాలని గంటలో నిశ్చయమైపోయింది. కొనే మనిషితో మాట్లాడారు. ఐసు వ్యాను, వల కూలీలు గురువారం తెల్లారేసరికి వస్తారు. చెంచయ్య మామ పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన రొయ్యలకు ఎనభయ్యో రోజు.

"ఏం బావా, పట్టేస్తా ఉండావంట? వైరసేనా?"

"ఏమో చెంచయ్యా. తినడంల్యా అంటా ఉండారు."

"నీకొస్తే రేపు నాకే గదా. నువ్వు పట్టినాక ఎట్టుండాదో చెప్పు. అదే వ్యాను నా గట్టుకి తిప్పుకుంటా."

సాయంత్రం తూము పలకలు తీసి నీళ్ళు వదలడానికి ముందు, నాయన చేతులు ఊరుకోక ఒక అర బక్కెట్టు మేత చల్లాడు. "పట్టే గుంటకి మేతెందుకు?" అన్నాడు అన్న. నాయన వినిపించుకోలేదు. "మైకు పెట్టు పాపా, ఆఖరిసారి," అన్నాడు. పెట్టాను. గంట తర్వాత ట్రే తీస్తే మేత అడుగంటింది. "తిన్నట్టుండాదే," అన్నాడు నాయన. "ఏసిందే పిరికెడు. నీళ్ళకి కొట్టకపోయుంటాది," అన్నాడు అన్న. అప్పుడు కరెంటు లేదు. ఏరేటర్లు జనరేటరు మీద తిరుగుతున్నాయి. ల్యాపుటాపు చచ్చిపోయి ఉంది. ఆ ఫైలు ఫోన్లో పెద్దదిగానే, పంపకుండా ఉండిపోయింది.

గురువారం తెల్లవారేసరికి గుంటలో నీళ్ళు మోకాటి లోతుకు వచ్చాయి. కూలీలు వల విప్పుతున్నారు. నాయన గట్టు మీద నిలబడి, తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకుంటున్నాడు. మూడుసార్లు అలా చేశాడు.

"పాపా, సారుని ఇంకొక్కసారి అడగమ్మా. వల దిగేలోపల."

ట్యాంకు దగ్గరికి పరుగు లాంటి నడక నడిచాను. మెట్లెక్కి ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు. నిద్ర గొంతు.

"సార్, నేను హజరత్తయ్య కూతురు ఆనందకుమారిని. నాయన అడగమన్నాడు. ఇంకొకసారి చూస్తారా అని."

"చూశానమ్మా. నిన్న మధ్యాహ్నం దాకా నువ్వు పంపినవన్నీ సున్నానే."

"సున్నా అంటే ఏంది సార్? దేన్ని లెక్కపెడతారు?"

ఆ ప్రశ్నను నేను నెల కిందట అడగాల్సింది.

"అవి మేత పట్టుకుని కొరికేటప్పుడు చప్పుడు వస్తుందమ్మా. నువ్వు వినే ఉంటావు. చిటపటమని, పోపులో ఆవాలు పేలినట్టు."

మెట్టు మీద కూర్చున్నాను.

"సార్, అది తీగ చప్పుడు కాదా?"

"తీగేంటి?"

"ఆ చిటపట... ఫైలు చిన్నది చేస్తే పోయింది సార్. నేను చేసినా. సోమవారం నుంచి. సిగ్నల్ లేదని."

అవతల మంచం కిర్రుమంది.

"ఎంతకి తగ్గించావు?"

"ఎనిమిది వేలు."

"అయ్యో," అన్నాడు. తర్వాత నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. ఫోన్ సెకనుకు నలభై ఎనిమిది వేలసార్లు శబ్దాన్ని కొలిచి రాసుకుంటుంది. దాన్ని నేను ఎనిమిది వేలకు దించాను. ఏ అంకె పెడితే, సెకనుకు అందులో సగం సార్ల దాకా కంపించే శబ్దాలే ఫైల్లో నిలుస్తాయి. మనిషి గొంతు ఆ కింద ఉంటుంది కాబట్టి బతుకుతుంది. ఏరేటరు హోరు ఇంకా కింద. రొయ్య కొరికే చప్పుడు సన్నది, పైన ఉంటుంది. "దాన్ని కోసేసి మిగతాది పంపావమ్మా. మేమూ ఫైల్లో ఆ అంకె చూసుకోవాల్సింది. నేను చూడలేదు. వల వేశారా?"

ఫోన్ పెట్టేశాను. ఇయర్‌ఫోన్లు గుచ్చుకుని బుధవారం సాయంత్రం ఫైలు తెరిచాను. "సాయంత్రం అయిదు, ఉత్తరం ట్రే" అన్న నా గొంతు, వెనక హోరు, దాని మీద చిటపట చిటపట చిటపట. ఎడతెరిపి లేకుండా. గుంట మొత్తం తింటోంది.

నల్ల కిటికీలో పాకే గీతల్లో పైన నలభై ఎనిమిది వేలు అని, కింద ఎనిమిది వేలు అని రోజూ కనబడేది. ఆ రెండు అంకెలూ మూడు రోజులుగా నా కళ్ళ ముందు నుంచే పోయాయి. ఎర్ర అక్షరాలు వస్తే తప్పనీ, రాకపోతే సరిపోయిందనీ అనుకున్నాను.

నేను గట్టు చేరేసరికి వల సగం గుంట దాటింది. ఏం చెప్పానో, ఏ వరసలో చెప్పానో నాకు గుర్తు లేదు. "ఆపండి" అని అరిచానని అన్న తర్వాత అన్నాడు. నేను అరవగా వాడెప్పుడూ వినలేదు. నాయన దగ్గరికి వెళ్ళి ఇయర్‌ఫోన్లు ఆయన చెవుల్లో పెట్టాను.

నాయన విన్నాడు. కళ్ళు గుంట మీదే ఉన్నాయి. పది నిమిషాల్లో ఒక్క నిమిషం కూడా వదలకుండా విన్నాడని నాకు తెలుసు, ఎందుకంటే తెర మీద అంకె కదులుతుంటే నేను దాన్నే చూస్తున్నాను. కూలీలు మోకాటి బురదలో వల పట్టుకుని నిలబడ్డారు.

"లాగమంటావా, వద్దా పెదనాయనా? కాళ్ళు కూరకపోతా ఉండాయి," అన్నాడు వాళ్ళలో ఒకడు.

మళ్ళీ నీళ్ళు పెట్టాలంటే సముద్రం పోటు రావాలి. పోటు మధ్యాహ్నానికి గానీ లేదు. వచ్చినా ఆ కాలువలో పై గుంట వదిలిన వైరస్ నీళ్ళే. కలకబారిన బురదలో రొయ్యలు అప్పటికే నోళ్ళు పైకెత్తి గెంతుతున్నాయి. నాయన చెవుల్లోంచి తీగలు తీసి, చుట్టి, నా చేతిలో పెట్టాడు. కూలీల వైపు చెయ్యెత్తి ఊపాడు. లాగండి అని.

ట్రేలలో పోస్తుంటే కొనే మనిషి ఒక్కో రొయ్యను వీపు మీద వేలితో నొక్కి చూశాడు.

"సగానికి పైన మెత్తవే అన్నా. పెంకు గట్టిపడలా. ఐసులో ఏస్తే తలకాయలు ఊడిపోతాయి. రెండు రోజులు ఆగుండకూడదా? నీకు తెల్వందా?"

మెత్తవి అన్నీ ఏరి గట్టు పక్కన పోయించాడు ఆ మనిషి. ఒక్కదాని మీద కూడా జబ్బు మచ్చ లేదు. కాకులు వచ్చాయి.

ఇంటికి వచ్చేసరికి పదకొండయింది. కరెంటు ఉంది. నేను ల్యాపుటాపు పెట్టుకుని ఒక మూల కూర్చున్నాను. అన్న గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"నిన్న సాయంత్రం తిన్నాయి, సరే. సోమవారం తిన్నాయని ఏంది రుజువు? ఆ సారు ఇప్పుడు నీ మీద తోస్తా ఉండాడు. వాళ్ళ మిషనే పాడయ్యుంటాది."

రుజువు కోసమే వెతుకుతున్నాను. సోమవారం ఫైలు ఉంది, చిన్నది. నల్ల కిటికీలో ఎనిమిది వేలు ఉన్న చోట ఈసారి నలభై ఎనిమిది వేలు అని కొట్టాను. గీతలు పాకాయి. పది ఎంబీల లోపలి ఫైలు మళ్ళీ యాభై ఎనిమిది అయింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. నా గొంతు. హోరు. అంతే. మంగళవారంది కొట్టాను. బుధవారం పొద్దుటిది కొట్టాను. ఇంకా పెద్ద అంకె పెట్టి చూశాను. ఫైలు ఎంత లావైనా లోపల ఏమీ రాలేదు. పెద్ద అంకె పెడితే గిన్నె పెద్దదవుతుంది కానీ పారబోసింది తిరిగి రాదని మెల్లగా అర్థమైంది. అయినా వేళ్ళు ఆగలేదు. నా చేతులతో నేనే చెరిపేసిన పెద్ద ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటే టైపు చేశాను. ప్రతిసారీ అలాంటి ఫైలు లేదనే వచ్చింది.

"ఇంక చాలు మే," అంది అమ్మ. కంచంలో అన్నం పెట్టి నా పక్కన ఉంచింది. నాయన ముందు కూడా ఒక కంచం పెట్టింది. ఆయన గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళకు బురద ఎండి పగుళ్ళిచ్చింది. గట్టు మీద నుంచి ఇప్పటి దాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టలేదు. అది భరించలేకపోతున్నాను.

"చూడు నాయనా," అన్నాడు అన్న, గొంతు తగ్గించి. "అయిందేదో అయింది. పాప ఏదో నొక్కి గుంట పోగొట్టిందని గట్టుగట్టునా చెప్పుకోవాల్నా? వైరస్ అందాం. పై గుంటకొచ్చింది, మాకూ వచ్చింది. ఎవురడగతారు?"

"అట్నే అనండి," అంది అమ్మ. "పిల్ల తలెత్తుకుని తిరగొద్దా?"

"నేను చెప్పేసినాలే. ఇందాక ట్యాంకు కాడుంటే చెంచయ్య మామ ఫోన్ చేసినాడు. వైరసే మామా అన్నా. ఆయన తూము తీస్తా ఉండాడు. వ్యాను కూడా అటే పోయింది."

నాయన తల తిప్పి అన్నను చూశాడు. చెంచయ్య మామ రొయ్యలకు కూడా అదే అమావాస్య. అవీ పెంకు వదిలి మెత్తగా ఉంటాయి. నేను లేవాలనుకున్నాను. చెప్పాలనుకున్నాను. ల్యాపుటాపు ఒళ్ళోనే పట్టుకుని కూర్చున్నాను.

"ఏంది నాయనా అట్ట చూస్తావు?" అన్నాడు అన్న. "పాప కోసమే గదా చెప్పినా. ఇప్పుడు పోయి కాదంటే, ఎందుకు పట్టినావని అడగరా? ఏం చెప్తావు?"

నాయన అన్నం కంచాన్ని పక్కకు జరిపాడు. గోడ పట్టుకుని లేచాడు. నా పక్క నుంచి వెళుతూ తెర మీద వరుసగా ఉన్న ఫైళ్ళ మీద ఒక్క క్షణం చూపు నిలిపాడు. నన్ను చూడలేదు. అమ్మ "యాడికి?" అంది. చెప్పులు కూడా తొడుక్కోకుండా వాకిలి దాటాడు. ఎడమకు తిరిగితే మా గుంట. ఆయన కుడికి తిరిగి, చెంచయ్య మామ గట్టు దారిలో, ఆ వయసులో పరుగెత్తగలిగినంత వేగంగా వెళ్ళిపోయాడు.